టర్కీలో సీదె బీచ్‌కి వెళ్తే దగ్గర్లో ఏ పురాతన ప్రదేశాలు చూడొచ్చు?

మొదటిది చూడ్డానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, సీదెలోనే ఉంది. పాత ఊరు సముద్రంలోకి చొచ్చుకెళ్లిన చిన్న భూభాగం మీదే ఉంటుంది. దాని కొసన అపోలో గుడి. క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. మిగిలినవి ఐదు స్తంభాలే, అవీ పడిపోతే మళ్లీ నిలబెట్టినవి. సాయంత్రం వెళ్లండి; పాలరాయి తేనెరంగులోకి తిరుగుతుంది. జనం మాత్రం బాగా ఉంటారు. ఊరి పేరుకి అక్కడి ప్రాచీన భాషలో దానిమ్మ అని అర్థం, పాత నాణేల మీద కూడా ఆ కాయే.

ఒక్కరోజే తీరికుంటే ఆస్పెండోస్‌కి వెళ్లండి. రోమన్ల కాలపు థియేటర్, వేదిక వెనక గోడతో సహా నిలిచి ఉంది. 13వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్నేలిన సెల్జుక్ తుర్కులు మరమ్మతు చేసి వాడుకోవడం దానికి కలిసొచ్చింది. పై వరుస దాకా ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి, అయినా ఎక్కాల్సిందే. బస్సులో వస్తే మెయిన్ రోడ్డు నుంచి ఇంకో 4 కిలోమీటర్లుంటుంది, టాక్సీ మేలు.

ఇంకో ప్రాచీన నగరం పెర్గే, అంటాల్యా నగరం వైపు ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్లే రోజు చూసుకోండి. ప్రధాన వీధి మధ్యలో నీళ్లు పారిన కాలువ ఇప్పటికీ కనిపిస్తుంది. నీడ తక్కువ. జూలై, ఆగస్టుల్లో అయితే పొద్దున్నే వెళ్లాలి. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు.