బ్యాంకాక్‌లో ఒక రోజు తీరిగ్గా తిరగాలంటే

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. గ్రాండ్ ప్యాలెస్, మూడు గుళ్లు, ఫ్లోటింగ్ మార్కెట్, రెండు మాల్స్, అన్నీ ఒక్కరోజులోనే! అందులో సగం కొట్టేయ్. ఆ ఫ్లోటింగ్ మార్కెట్, దామ్నోన్ సదువాక్, ఊరికి దాదాపు వంద కిలోమీటర్లు, దానికి వేరే రోజు కావాలి. ప్యాలెస్ టికెట్ మనిషికి 500 బాత్ (బాత్ అంటే అక్కడి డబ్బు), పైగా విపరీతమైన రద్దీ. దాన్నీ ఇంకో రోజుకి పెట్టుకోండి. ఈ ఒక్క రోజూ నదినీ, మెట్రోనూ నమ్ముకుంటే కారెక్కే పనే ఉండదు.

పొద్దున్నే ఏడింటికల్లా బయల్దేరండి. బీటీఎస్ (వంతెన మీద నడిచే సిటీ రైలు) ఎక్కి సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందనే సాథోన్ రేవు. అక్కడ పెద్ద బోర్డులు పెట్టుకుని పిలిచేది టూరిస్టు బోటు వాళ్లు. మీకు కావాల్సింది ఆరెంజ్ జెండా బోటు, టికెట్ 16 బాత్. కౌంటర్లో ఇవ్వకపోతే ఎక్కేయండి, బోటులోనే ఇస్తారు. పొడుగాటి రేకు డబ్బా గలగలలాడిస్తూ కండక్టరు వస్తుంది, ఆ డబ్బాలోంచే టికెట్ చించి ఇస్తుంది. చిల్లర చేతిలో పెట్టుకో, వెయ్యి నోటు తీస్తే మొహం మాడ్చుకుంటారు. బోటు రేవులో అర నిమిషం కూడా ఆగదు. ఎడమ ఒడ్డున వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి) గోపురం కనబడగానే లేచి వెనక వైపుకి వెళ్లి నిలబడండి. దిగాల్సింది కుడి ఒడ్డున థా తియెన్, ఎనిమిదో నంబరు రేవు. భిక్షువులకు కేటాయించిన చోట కూర్చోవద్దు. నువ్వు వాళ్లకు తగలకుండా నిలబడు, ఆడవాళ్లు తాకకూడదు.

వాట్ ఫో ఎనిమిదింటికి తెరుస్తారు, టికెట్ 300 బాత్. ముందు పడుకున్న బుద్ధుడి దగ్గరికే వెళ్లండి. గంట ఆలస్యమైతే టూరు బస్సుల జనం దిగిపోతారు. విగ్రహం 46 మీటర్ల పొడుగు, ఫొటోలో పట్టదు. పాదాల దగ్గర ఆగి చూడండి, ముత్యపు చిప్పతో పొదిగిన 108 చిహ్నాలుంటాయి. ఆ తర్వాత ప్రధాన మందిరం చుట్టూ పాలరాతి పలకల మీద రామాయణ ఘట్టాలు చూడండి. చాలామంది వాటిని దాటుకుని వెళ్లిపోతారు, నా లెక్కలో బంగారు విగ్రహం కన్నా అవే మేలు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ఊరికే విప్పి తొడుక్కునే చెప్పులైతే సుఖం.

గుడి బయట ఎవరైనా మర్యాదగా పలకరించి "ఇవాళ మూసేశారు, 20 బాత్‌కి టుక్‌టుక్‌లో ఊరంతా తిప్పుతా" అంటే నవ్వేసి నడిచిపోండి. ఆ బండి నేరుగా రత్నాల కొట్టుకో టైలర్ షాపుకో పోతుంది. డ్రైవరుకి కమీషన్ అక్కడే.

థా తియెన్ నుంచి అవతలి ఒడ్డుకి పడవలో అయిదు బాత్. వాట్ అరుణ్ మెట్లు మహా నిటారు. ఎక్కడం తేలికే, దిగేటప్పుడు కాళ్లు వణుకుతాయి. గుమ్మం దగ్గర పచ్చ రంగు రాక్షసుడు ఎవరో కాదు, మన రావణాసురుడే.

పదకొండు దాటాక ఎండలో ఉండొద్దు. మళ్లీ ఇవతలికి వచ్చి సనామ్ చాయ్ మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ తర్వాత సామ్ యోట్‌లో దిగండి. నడిచి వెళ్లేంత దూరంలో ఫాహురాట్, అక్కడి లిటిల్ ఇండియా. మీరిద్దరూ శాకాహారులు కాబట్టి మధ్యాహ్న భోజనం అక్కడే చేసేయండి. థాయ్ వంటల్లో కూర అంతా ఆకులే కనిపించినా లోపల చేప సాస్ ఉంటుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో "జే" (వాళ్ల శాకాహారం) అని ఉన్న కొట్లలో మాంసం, చేప సాస్ రెండూ ఉండవు. వేరేచోట "కిన్ జే", అంటే జే తింటాం, అని చెప్పు.

సనామ్ చాయ్‌లో ఎక్కే ఆ మెట్రోలో టికెట్ కొనక్కర్లేదు, వీసా, మాస్టర్‌కార్డు ట్యాప్ చేస్తే చాలు. అయితే మన బ్యాంకులు విదేశీ లావాదేవీలు ఆపేసి ఉంచుతాయి. బయల్దేరే ముందే యాప్‌లో కాంటాక్ట్‌లెస్ కూడా ఆన్ చేయించు. ఇద్దరికీ చెరో కార్డు ఉండాలి, ఏ కార్డుతో లోపలికి వెళ్లారో దాంతోనే బయటికి రావాలి.

ఒంటిగంట నుంచి నాలుగు దాకా రూములో నిద్రపోండి, లేదా కాళ్లకు మసాజ్ చేయించుకోండి. కొత్త చోటికి వచ్చి పడుకోవడమేంటని అల్లుడు అంటాడు. వినకు, సాయంత్రం అతనే సంతోషిస్తాడు.

చీకటి పడే వేళకి వాట్ మంకోన్ స్టేషన్‌లో దిగి చైనాటౌన్‌లోని యావరాట్ రోడ్డు మీద నడవండి. సోమవారం చాలా బళ్లు ఉండవు, అది చూసుకో. దానిమ్మ రసం, వేయించిన చెస్ట్‌నట్ గింజలు, కొబ్బరిపాలు పోసిన జిగురన్నంతో మామిడి పళ్లు మీరూ తినొచ్చు. సరిగ్గా ఆరింటికి స్టేషన్లో జాతీయ గీతం వస్తే అందరితోపాటు నిలబడిపోండి. తిరుగు ప్రయాణం మెట్రోలోనే. ఆరు దాటాక ఆరెంజ్ బోట్ల మీద ఆశ పెట్టుకోవద్దు. డ్యూరియన్ పండు కొంటే రోడ్డు మీదే తినేయండి, చాలా హోటళ్లు గదిలోకి రానివ్వవు.

బాబాయి