ఒక్క గొంతుకు రాసే పాట

అమ్మాయికి ఆశీస్సులు.

నీ పాట అందింది. చదవడమే కాదు, పాడి కూడా చూశాను. పల్లవి ఎంత బాగుందో! దూరదేశంలో ఉన్న కొడుకుతో ఆ తల్లి ‘తలుపు తీసే ఉంచానురా’ అంటుంటే మనసు కలుక్కుమంది. మొదటి చరణం దాకా ఆమే మాట్లాడింది. రెండో చరణంలో ‘ఆ తల్లి గుండె’ అన్నావు, అంటే ఆమె గురించి ఇంకెవరో చెబుతున్నారు. మూడో చరణంలో ‘మన పల్లెలన్నీ ఖాళీ’ అని ఊరంతా అందుకుంది. తంబుర శ్రుతి మీద ఒక్కదాన్నే పాడతానని రాశావు కదా, మరి ఈ ముగ్గురూ నీ గొంతులో ఎలా ఇముడుతారు?

పలువురు పాడే పాటలు మనకు బోలెడు. బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే వంతలిద్దరూ తందానా అంటూ అందుకుంటారు, ఆ కాస్త వ్యవధిలో అతనికి ఊపిరి దొరుకుతుంది. నాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే గట్టు దాకా అందరూ పలుకుతారు. పదం పలచనైనా గుంపు గొంతు దాన్ని నిలబెడుతుంది. అదే చావు జరిగిన ఇంట్లో శోకాలు పెట్టి ఏడ్చే మనిషిని విను. పోయినవాణ్ణే ‘నువ్వు’ అని పిలిచి నిలదీస్తుంది. తన దుఃఖం ఎంత పెద్దదో వర్ణించదు. నన్నెవరికి అప్పజెప్పి పోయావని అడుగుతుంది, అంతే. నాకైతే ఒంటిగొంతు పాటకు పునాది అక్కడే కనిపిస్తుంది.

క్షేత్రయ్య పదాలు, అంటే ఆయన కట్టిన శృంగార గీతాలు, దగ్గర పెట్టుకో. 17వ శతాబ్దంలో తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువు చూసిన వాగ్గేయకారుడాయన. ఆ పదాల్లో చాలావాటిలో మాట్లాడేది ఒక స్త్రీ, వినేది సఖి, లేదంటే ఆ మువ్వగోపాలుడే, అంటే కృష్ణుడే. హుసేని రాగంలో ‘అలిగితే భాగ్యమాయె’ చూడు. వాడు అలిగితే అలగనీ, నా అదృష్టం అంటోంది సఖితో. నిజంగా అదృష్టమే అయితే పిలిచి మరీ చెప్పుకోవడం ఎందుకు? పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ అదే ‘భాగ్యం’ ఒకచోట పంతంలా, ఒకచోట బెంగలా, ఒకచోట కోపంలా పలుకుతుంది. ఒక్క అక్షరం మారదు. అందుకే అభినయం పట్టేవాళ్ళు ఆ ఒక్క ముక్క మీద అంతసేపు నిలబడగలుగుతారు.

ఈ పదాలను మద్రాసులో వీణ విదుషి ధనమ్మాళ్ కుటుంబం గొంతులో పెట్టుకుని కాపాడింది. తెలుగువాళ్ళం ఆ ఇంటికి ఎంతో రుణపడి ఉన్నాం. ఆమె మనవరాళ్ళు బృంద, ముక్త పాడినవి దొరికితే తీరిగ్గా విను. ఇంకో సంగతి. క్షేత్రయ్య పదాలను, పల్లవి తర్వాత రావాల్సిన అనుపల్లవితోనే ముందు ఎత్తుకునే అలవాటుంది. అలా పాడితే పల్లవి జవాబులా వచ్చి వాలుతుంది. నీ పాటనూ ఒకసారి అలా ఎత్తుకుని చూడు.

నీ పల్లవికీ ఆ సత్తా ఉంది. ‘తలుపు తీసే ఉంచానురా’ మొదటిసారి ఉత్త కబురు. వాడు ఫోన్ చెయ్యని చరణం తర్వాత అదే మాట నిష్ఠూరమవుతుంది. ఆమె రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని తెలిశాక వింటే భయమేస్తుంది. ఇవేవీ నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు, చరణాలు ఆ పని చేసిపెట్టాలి.

ఇక అక్షరాల సంగతి. ట్యూన్ కట్టేవాళ్ళు చూసుకుంటారులే అనుకోకు. మన సంగీతంలో నడిచేది ఒకటే రాగధార. వెనక వయొలిన్ ఉన్నా ఆ వరుసనే అనుసరిస్తుంది, మాట తేలిపోతే కప్పిపుచ్చేది ఏదీ లేదు. రెండో చరణంలో రాగం సాగే చోట ‘కల’ అని పెట్టావు. సాగదీస్తే అది ‘కాల’ అవుతుంది. మూడు లైన్ల కింద ‘పడి’ కాస్తా ‘పాడి’ అయి కూర్చుంది. అలాంటి చోటికి దీర్ఘమున్న మాట తెచ్చుకో: నీడ, రేయి, చేయి, ఏదైనా. ఒత్తులు గుంపుగా వచ్చే సమాసాలు తీసెయ్. ఆ తల్లి అలా మాట్లాడదు, పాడే మనిషికి నోరూ తిరగదు. ఊపిరి తీసే చోట్లు కూడా నువ్వే కల్పించాలి, నీకు వంతలు లేరు మరి. మాట మధ్యలో గాయని ఆగాల్సి వస్తే ఆ లోటు రాసినవాళ్ళదే.

బాలాంత్రపు రజనీకాంతరావుగారి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ లైబ్రరీలో దొరికితే వదలకు. పాట కట్టిన మనిషి పాటల గురించి రాసిన పుస్తకం అది.

మూడో చరణం మొత్తం కొట్టెయ్. ఊళ్ళు ఖాళీ అవడం గురించి నీకు బాధ ఉంటే దానికి వేరే పాట రాయి, కోరస్‌తో రాయి, బాగుంటుంది. రెండోది మాత్రం ‘నువ్వు’తో మొదలుపెట్టి మళ్ళీ రాయి. వాడు ఇంట్లో వదిలేసి వెళ్ళిన వస్తువు ఒక్కటి అందులో ఉండాలి. చెప్పులో, స్కూలు బ్యాగో, నీ ఇష్టం. రాశాక ఫోన్‌లో పాడి రికార్డు చేసి పంపు. గొంతు ఎలా ఉందోనని టెన్షన్ పడకు, నువ్వు ఊపిరి ఎక్కడెక్కడ తీస్తున్నావో వినాలి నేను. సంక్రాంతి లోపు పంపితే పండక్కి మీ ఊరొచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.