సమాధానం: డీగాల్ రెండుసార్లు ఎలా రాజీనామా చేశాడు?

1946లో పదవి నుంచి తప్పుకున్న ఫ్రాన్స్ నాయకుడు డీగాల్ 1969లో మళ్లీ ఎలా రాజీనామా చేశాడని అడిగారు కదా. రెండూ నిజమే, పదవులే వేరు.

1940 జూన్ 18న జర్మనీతో పోరాటం ఆపొద్దని లండన్ నుంచి బీబీసీలో పిలుపునిచ్చేనాటికి ఆయన బ్రిగేడియర్ జనరల్ మాత్రమే. యుద్ధం ముగిసేసరికి తాత్కాలిక ప్రభుత్వానికి అధినేత. 1946 జనవరిలో వదిలింది ఆ పదవినే. పార్టీలు పార్లమెంటుకే పెత్తనం కట్టబెడుతున్నాయన్నది ఆయన అభ్యంతరం.

అసలు మలుపు 1958. ఫ్రాన్స్ పాలనలోని అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం ముదిరి, మే 13న అల్జీర్స్‌లో తిరుగుబాటు లేచింది. పారిస్ ప్రభుత్వానికి సైన్యం మీద పట్టు జారిపోయింది. జూన్ 1న డీగాల్ ప్రధాని అయ్యాడు, సెప్టెంబర్‌లో కొత్త రాజ్యాంగానికి ప్రజల ఆమోదం తీసుకున్నాడు. ఆ రాజ్యాంగంతో మొదలైన వ్యవస్థే ఐదో రిపబ్లిక్. డిసెంబర్‌లో అధ్యక్షుడిగా ఎన్నికైనా, ఓట్లు వేసింది జనం కాదు, సుమారు 80 వేల మంది ప్రతినిధులు. చాలామంది పొరబడేది ఇక్కడే. నేరుగా ఎన్నుకునే పద్ధతి 1962 రెఫరెండం (ఒక అంశంపై ప్రజల ఓటు)తో వచ్చింది. 1965లో వామపక్ష అభ్యర్థి మిత్తెరాఁ మీద రెండో రౌండ్ దాకా వెళ్లి గెలిచాడు.

1969 ఏప్రిల్ 27న సెనేట్ (పార్లమెంటు ఎగువ సభ), ప్రాంతాల సంస్కరణలపై రెఫరెండం ఓడిపోయాడు. ఓడితే దిగిపోతానని ముందే చెప్పాడు, మాట మీద నిలబడ్డాడు. అర్ధరాత్రి దాటాక రెండే వాక్యాల ప్రకటన: విధులు మానుకుంటున్నాను, ఈ మధ్యాహ్నం నుంచే అమలు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

మీ నోట్స్‌లో అధ్యక్ష పదవీకాలం 1959 జనవరి 8 నుంచి 1969 ఏప్రిల్ 28 వరకు అని దిద్దుకోండి.