మీ ప్రశ్న – మా జవాబు: చప్పట్లతో ఛందస్సు

ప్రశ్న: సెలవుల్లో మా వీధి పిల్లలకి పద్యాలు నేర్పుతున్నాను, ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లు. గడగడా అప్పజెప్పేస్తారు గానీ లయ ఉండదు. పోనీ గురులఘువులు చెబుదామంటే బోర్డు మీద గుర్తులు చూడగానే మొహాలు వేలాడేస్తున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ బోర్డుని కొన్నాళ్లు గోడకి తిప్పి పెట్టేయండి. గుప్పెడు చింతగింజలు, నాలుగు చీపురుపుల్లలు తెచ్చుకోండి. లఘువుకి, అంటే పొట్టిగా పలికే అక్షరానికి, ఒక గింజ; గురువుకి, అంటే ఎక్కువసేపు పలికే అక్షరానికి, రెండు గింజలంత పొడుగు తుంచిన పుల్ల. ముందు పేర్లతో మొదలెట్టండి. సీత అంటే ఒక పుల్ల, ఒక గింజ. దాని కిందే అనిత పేర్పించండి, మూడు గింజలు. రెండు వరసలూ ఒకే పొడుగు! రెండక్షరాల పేరూ మూడక్షరాల పేరూ ఎలా సమానమయ్యాయని వాళ్లే అడుగుతారు. అప్పుడు చెప్పండి, 'సీ' అనడానికి పట్టే సేపట్లో 'అని' రెండక్షరాలూ అనేయొచ్చని, రెండు పేర్లకీ మూడు మాత్రలేనని (మాత్ర అంటే ఒక లఘువు పలికే సేపు). ఈ అక్షరాల గుంపులకున్న హ గణం (గురువు, లఘువు), న గణం (మూడు లఘువులు) అన్న పేర్లకి తొందరేం లేదు.

గురువు దగ్గర చప్పట్లు గట్టిగా, లఘువు దగ్గర మెల్లగా కొట్టించే పద్ధతి ఒకటుంది, నాకైతే అది అస్సలు నచ్చదు, ఎందుకంటే పిల్లలు గురువంటే అరవడం అని ఫిక్సయిపోతారు. గురువంటే కాస్త ఎక్కువసేపు పలకడం, అంతే.

తర్వాత చెమ్మచెక్క ఆడించండి. జోక్ కాదు, నిజంగానే. 'చెమ్మచెక్క చారడేసి మొగ్గ' – చెమ్మ, చెక్క, చార, డేసి, మొగ్గ. అయిదు దెబ్బలు, దెబ్బకో గురువు, ఒక లఘువు. అదే ఊపు ఆపకుండా 'విశ్వదాభిరామ వినురవేమ' అనిపించండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. చక్కగా కూర్చుంటుంది, ఎందుకంటే ఈ వేమన పద్యాల ఛందస్సు ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం అయిదేసి సూర్యగణాలే, అంటే పైన చెప్పిన మూడు మాత్రల హ, న గణాలే. నాలుగో దెబ్బకి 'వినుర' మూడక్షరాలు కదా, మొదట్లో అక్కడ నాలుక తడబడుతుంది. మీరు అందించకండి, ఒకటికి రెండుసార్లు అనుకుని వాళ్లే సర్దుకుంటారు. ఇక ఒకటో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మాత్రం తమ చేతులు కాకుండా ఎదుటివాళ్ల అరచేతుల మీద కొట్టమనండి, రెండు చోట్లా 'వి' పడుతుంది, యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఓ అక్షరం కలవడం) అనే మాట ఎత్తకుండానే యతి చేతికొచ్చేస్తుంది.

ఒకటి, మూడు పాదాల జోలికి అప్పుడే పోవద్దు. అక్కడ మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు వస్తాయి, వాటిలో నాలుగు మాత్రలవీ ఉంటాయి, అయిదు మాత్రలవీ ఉంటాయి, చప్పట్లు సమంగా పడవు. మొదటి రోజే అక్కడ తాళం వేయించి, పడకపోతే 'వీడికి తాళజ్ఞానం లేదు' అని తేల్చేసేవాళ్లున్నారు. పాపం పిల్లలు.

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. గణాలు గుర్తుపెట్టుకునే సూత్రం యమాతారాజభానసలగం కంఠతా వచ్చు, అయినా గణవిభజన తప్పుతోంది. పరీక్షలంటే నాకే టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: ఆ సూత్రం మూడక్షరాల గణాలకి. ఉత్పలమాల లాంటి, గణాల వరస మారని వృత్తాలకి పనికొస్తుంది గానీ, ఆటవెలది, తేటగీతులకి సూర్య, ఇంద్రగణాలు విడిగా తెలియాల్సిందే. తప్పు ఎక్కడ పడుతోందో చూడండి. చాలామంది 'విశ్వ'లో వత్తు ఉంది కదా అని 'శ్వ' మీద గురువు పెట్టేస్తారు. గురువయ్యేది దాని ముందున్న 'వి'. అబ్బాయిని గట్టిగా 'విశ్' అని ఆగి, 'వ' అనమనండి. ఎక్కడ నిలబడ్డాడో వాడికే తెలుస్తుంది. అలా పైకి పలికాకే పెన్సిల్ పట్టాలి.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. పద్యాలు నేర్పొచ్చా?
– ఒక అమ్మ, డాలస్

జవాబు: భేషుగ్గా. పైన చెప్పిన చెమ్మచెక్కకి లిపితో పనేముంది? మీకు రాగల ఇబ్బంది ఇంకోటి. ఇంగ్లీషు అలవాటులో సీతని 'సీతా' అనీ, రాముణ్ని 'రామా' అనీ చివర సాగదీసేస్తారు. మూడు మాత్రలు నాలుగైపోతాయి, పద్యం తూగు చెడుతుంది. తాతయ్య ఫోన్ చేసినప్పుడు ఈ ఆట ఆడించండి: ఆయన 'సీత' అంటే పాప ఒక పెద్ద అంగ, ఒక చిన్న అడుగు వెయ్యాలి; 'సీతా' అంటే రెండు పెద్ద అంగలు. చెవి పట్టేశాక పద్యంలోకి దిగండి.