విచారణ (పారిష్) చరిత్ర రాయాలంటే మొదట ఏ పుస్తకం తెరవాలి?

ప్రశ్న: మా విచారణ, అంటే ఒక ఫాదర్ కింద ఉండే గుడి, ఊళ్లు, దాని జూబిలీకి చిన్న చరిత్ర పుస్తకం వేద్దామనుకుంటున్నాం. పెద్దలు తలా ఒక సంవత్సరం చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– యువజన సంఘం, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: విచారణ గురువుల (ఫాదర్) అనుమతి తీసుకుని ముందు జ్ఞానస్నానాల పుస్తకం చూడండి. పెద్దల మాటలు ఆ తర్వాత. పుస్తకంలో మొదటి పేజీ తేదీయే మీ ఊళ్లో విశ్వాసం మొదలైన తేదీ అనుకోవద్దు. అది విచారణ విడిగా ఏర్పడిన నాటిది. అంతకుముందు మీ ఊరు వేరే విచారణ కింద ఉండి ఉంటుంది కాబట్టి ఆనాటి జ్ఞానస్నానాలు ఆ తల్లి విచారణ పుస్తకంలోనే ఉంటాయి. నల్గొండ మేత్రాసనం (బిషప్ కింద ఉండే విచారణలన్నీ కలిసిన పరిధి) ఏర్పడింది 1976లో, హైదరాబాదు, వరంగల్ మేత్రాసనాల నుంచి విడదీసి. వరంగల్ మేత్రాసనం కూడా 1952లోనే ఏర్పడింది. అందుకే పాత ఉత్తరాలు, గుడి కట్టిన లెక్కలు మూడు చోట్ల వెతకాల్సి రావచ్చు.

మీ ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలున్నాయి. వాళ్ల తాతల పేర్లు మీ పుస్తకంలో వెతికితే దొరకవు. వాళ్ల సొంతూరి విచారణకే రాయాలి.

రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాతే పూజ తెలుగులోకి వచ్చింది. అంతకుముందటి పుస్తకాలు చాలావరకు లాటిన్‌లో ఉంటాయి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఊళ్లో ఇన్నయ్య అని పిలిచే మనిషి పుస్తకంలో ఇగ్నేషియుస్. రాయప్ప పెత్రుస్, చిన్నప్ప పౌలుస్, శౌరయ్య ఫ్రాన్సిస్కుస్ లేదా జేవియర్, జోజప్ప జోసెఫుస్. ‘నాటుస్’ అంటే పుట్టిన మగబిడ్డ, ‘నాటా’ అంటే ఆడబిడ్డ, ‘పాత్రీని’ అంటే జ్ఞానతల్లిదండ్రులు, ‘ఓబీత్’ అంటే చనిపోయారని. తేదీల దగ్గర మరీ జాగ్రత్త. 7 అంకె పక్కన ‘బ్రిస్’ అని ఉంటే జులై కాదు, సెప్టెంబరు. 8 అయితే అక్టోబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. ఇది తెలియక రాసుకుంటే పుస్తకమంతా రెండు నెలలు తేడా వస్తుంది.

పాత కాగితం పెళుసుగా ఉంటుంది. జిరాక్సు మీద బోర్లించి నొక్కితే కుట్టు ఊడిపోతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో ఫొటో తీయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించొద్దు. నాలుగేళ్లు పోతే జిగురు పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. పుస్తకంలో పెన్సిలుతో కూడా ఏమీ రాయొద్దు.

పెద్దలను ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే అంచనాగా చెప్తారు. ‘రజాకార్ల గడబిడకు ముందా, తర్వాతనా?’, ‘కాలువ నీళ్లొచ్చినప్పటికి గుడి పెంకులదా, గడ్డిదా?’ అని అడగండి. అప్పుడు 1948కి, 1967కి అటో ఇటో తేలుతుంది. ఉపదేశిగా (ఊళ్లో విశ్వాసం బోధించే మనిషిగా) పనిచేసిన వాళ్ల ఇళ్లకు తప్పకుండా పోండి. ఫాదర్ నెలకోసారి వచ్చే పల్లెల్లో మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపింది, జపం నేర్పింది, జ్ఞానస్నానానికి పేర్లు రాసిచ్చింది వాళ్లే. గుడి చరిత్రల్లో గురువుల ఫొటోలు వరుసగా వేసి, ఉపదేశులను ఒక్క వాక్యంతో సరిపెట్టడం అన్యాయం.

ఒక హెచ్చరిక. జ్ఞానస్నానాల పుస్తకంలోని పేర్లు, కులం, తల్లిదండ్రుల వివరాలు ఉన్నవున్నట్టు అచ్చు వేయకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ–సీ కిందికి వస్తారు. దాని వల్ల ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్ల విషయం సున్నితంగా ఉంటుంది. ఆ కుటుంబం ఒప్పుకుంటేనే పేరు వేయండి. సంఖ్యలు, ఊళ్లు, సంవత్సరాలు వేస్తే చరిత్రకు లోటు రాదు.

ప్రశ్న: చిన్నప్పటి జ్ఞానస్నాన పత్రం ఉంది. అయినా పెళ్లికి కొత్తది తెమ్మంటున్నారు, ఎందుకు? పుస్తకంలో పేరే దొరక్కపోతే?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: పుస్తకంలో మీ పేరు పక్కన మార్జిన్ ఉంటుంది. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), పెళ్లి జరిగితే ఆ వివరం, ఎక్కడ జరిగినా సరే, అక్కడికే చేరుతుంది. చిన్నప్పటి పత్రంలో అది ఉండదు. కాబట్టి ఆరు నెలల లోపు తీసిన నకలు అడుగుతారు.

పేరు దొరకలేదంటే చాలాసార్లు వెతికిన సంవత్సరమే తప్పు. పల్లెకు ఫాదర్ వచ్చినప్పుడు పిల్లలందరికీ ఒకేసారి జ్ఞానస్నానం ఇచ్చేవారు. అందుకే పుట్టిన ఏడాదితో ఆపకుండా తర్వాతి రెండు మూడేళ్లూ చూడమనండి. తల్లిదండ్రుల పేర్లు, ఊరు, జ్ఞానతల్లి పేరు రాసివ్వండి. నిజంగానే నమోదు కాకపోయి ఉంటే, దాని వల్ల ఎవరి హక్కుకూ భంగం లేనప్పుడు, నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలునని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం చెబుతోంది. పెద్దయ్యాక తీసుకున్న వారైతే సొంత ప్రమాణమైనా సరిపోతుంది. ఆధార్‌లో పేరు వేరేగా ఉందని పుస్తకంలో దిద్దమని మాత్రం అడగొద్దు. మేత్రాసన కార్యాలయం నుంచి అనుమతి వస్తే మార్జిన్‌లో రాస్తారు.

ప్రశ్న: మా గుడి స్థలానికి కాగితాలేవీ కనబడటం లేదు.
– సంఘ పెద్ద, వనపర్తి

జవాబు: సర్వే నంబరు తెలిస్తే తహసీల్దారు కార్యాలయంలో 1954–55 ఖాస్రా పహాణీ, సేత్వార్ (పాత భూమి రికార్డులు) నకళ్లకు దరఖాస్తు పెట్టండి. కొన్ని ఉర్దూలో ఉంటాయి. చదివించుకోవాలి. స్థలం గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలంలో) ఉంటే పహాణీలో దొరకదు, పంచాయతీలో ఇంటి పన్ను రసీదులు చూడాలి. పట్టా ఎప్పుడో పోయిన గురువు పేరు మీద ఉండిపోయినట్టు తేలితే మీరే పట్టా పేరు మార్పిడికి పోకుండా ఆ నకళ్లు మేత్రాసన కార్యాలయానికి ఇవ్వండి. ఊరి సంఘం పేరిట సొంతంగా దరఖాస్తు పెడితే రెండు పక్షాల తగాదాగా మారి పని ఆగిపోతుంది.