ఆరేళ్ల బాబు, ఆన్‌లైన్ అరబీ క్లాసు: సమాధానం

అక్కా, 40 నిమిషాల క్లాసులో బాబు పదో నిమిషానికే లేచిపోతున్నాడనీ, ఖాఫ్ అనే అరబీ అక్షరం పలకడం రావట్లేదని ఉస్తాద్ గారు విసుక్కుంటున్నారనీ రాశారు కదా, అందులో వాడి తప్పేం లేదు. మన హైదరాబాదీ ఇళ్లల్లో కలాన్ని 'ఖలమ్' అనే అంటాం, అరబీలో మాత్రం ఆ ఖాఫ్ నాలుక మొదలు అంగిలి వెనక తగిలితే వచ్చే లోతైన 'క'. అలాగే సే, సీన్, సాద్ అనే అక్షరాలు మూడూ ఉర్దూలో ఒకటే 'స', అరబీలో మూడూ వేర్వేరు, వాడు ఇంట్లో విన్నదే పలుకుతున్నాడు. రోజుకు 15 నిమిషాల చొప్పున విడగొట్టమని అడగండి, కుదరదంటే వేరే టీచర్‌ని చూసుకోవచ్చు. ఫోన్ స్పీకర్ వద్దు, హెడ్‌ఫోన్ పెట్టండి, జూమ్ అయితే సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయమనండి, లేకపోతే హా లాంటి గాలి శబ్దాలు సరిగ్గా వినపడకపోవచ్చు. టీచర్ నోరు దగ్గరగా కనపడాలి, ఇది ముఖ్యం. మా పాప 'సే'కి నాలుక పళ్ల మధ్య పెట్టడం చూసి పడీపడీ నవ్వింది, ఆ నవ్వులోనే వచ్చేసింది. రాత అప్పుడే మొదలుపెట్టకండి. 28 అక్షరాలూ చెవికి పట్టాక, తర్వాతి అక్షరంతో కలవని ఆరు, అంటే అలిఫ్, దాల్, జాల్, రా, జా, వావ్, ముందు రాయించండి, అవి ఎక్కడున్నా రూపం పెద్దగా మారదు.