మే నెలలో వీణతో ప్రయాణం

చిరంజీవి అమ్మడికి,

విజయనగరం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో చెప్పిన తారీఖులు క్యాలెండర్ మీద రాసిపెట్టుకున్నాను. మొదట విశాఖ, తర్వాత అన్నమయ్య జయంతికి తిరుపతి, ఆ పైన హనుమజ్జయంతి పందిట్లో విజయవాడ. నాకు చాలా సంతోషంగా ఉంది. కొంచెం కంగారుగా కూడా ఉంది. ఇన్నాళ్ళూ మీ అమ్మో నేనో వెంట ఉన్నాం. వీణ తీసుకుని నువ్వు ఒక్కదానివే తిరగడం ఇదే మొదటిసారి, అదీ ఎండలు ముదిరిన మే నెలలో. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది. ఆగి ఉన్న కారులో వీణను వదలకు. టిఫిన్ తిని వచ్చేస్తాం కదా అనుకోకు. వీణ దండి మీద స్వరాలు పలికించే మెట్లు కూర్చునేది మైనంలో. తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాచి, అందులో మెట్లు అమర్చి మేళం కడతారు. తేనెమైనం 62, 63 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మెత్తబడడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. బయట 42 ఉన్న రోజున అద్దాలు మూసిన కారు లోపల 60 దాకా వెళ్తుంది. ఇక లెక్క నువ్వే వేసుకో.

ఇది నేను అనుభవించి చెబుతున్నాను. నీ వయసులో ఒక పెళ్ళిలో సాయంత్రం కచేరీ ఒప్పుకున్నాను. మధ్యాహ్నం భోజనాలకి దిగి, వీణను కారు వెనక సీట్లోనే ఉంచాను. చెట్టు నీడలోనే పెట్టామన్నారు. నీడ జరిగిపోతుందని ఎవరికీ తట్టలేదు. గంటన్నర తర్వాత తీసి చూస్తే నాలుగు మెట్లు ఒక పక్కకి ఒరిగాయి, రెండు లోపలికి దిగాయి. మేళం కట్టే ఆచారి ఊళ్ళో లేడు. ఆ సాయంత్రం తోడి రాగం వాయించాలనుకున్నది మానేసి, చిన్న చిన్న కీర్తనలతో గడిపాను. తప్పు పలికే మెట్టును వదిలేసి, దాని కింది మెట్టు మీద తీగ లాగి ఆ స్వరాన్ని తెచ్చుకుంటూ రెండు గంటలు కూర్చున్నాను. విన్నవాళ్ళు బాగుందన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగలోంచి ఏకాండంగా చెక్కిన వీణ అది, మా నాన్న కొనిచ్చింది.

అందుకని కార్యకర్తలు కారు పంపుతామంటే మొహమాటపడకుండా ఫోన్‌లోనే చెప్పు: ఏసీ కారు కావాలి, వీణ సీటు మీద ఉండాలి, డిక్కీలో కాదు, దారిలో ఎక్కడ ఆగినా వీణ నాతోపాటు దిగుతుంది. ఒకసారి మర్యాదగా చెబితే ఎవరూ కాదనరు. ఇలా అడిగితే గొప్పలు పోతున్నామనుకుంటారని నీకు భయం ఉంది, నాకు తెలుసు. వాద్యం కోసం అడగడంలో గొప్పలేం లేవమ్మా.

రైలు సంగతి. పగటి ప్రయాణం పెట్టుకోకు, రాత్రి బండే మేలు. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లవారేసరికి విశాఖలో ఉంటావు, ఎండ ఊసే ఉండదు. స్లీపర్ వద్దు, థర్డ్ ఏసీలో పై బెర్తు తీసుకో. కింది బెర్తు అడుగున పెడితే రాత్రంతా ఎవరో ఒకరు సూట్‌కేసు నెడుతూనే ఉంటారు. పై బెర్తులో గోడవైపు వీణ, ఇవతల నువ్వు. ఇరుకుగానే ఉంటుంది, నిద్ర సగమే పడుతుంది. నేను ముప్పై ఏళ్ళు అలాగే తిరిగాను. ఏసీ గాలి సూటిగా కేసు మీదికి కొడుతుంటే పైన దుప్పటి కప్పు. వీణ అడుగున గుండ్రటి కుండ ఉన్న వైపు తల దగ్గరికి రానీ, కాళ్ళ దగ్గర వద్దు.

తీగల గురించి చాలామంది పొరపడతారు. ప్రయాణం అనగానే అన్నీ వదులు చేసేస్తారు. అలా చేస్తే తీగలు ఆనే గుర్రం కదులుతుంది, మళ్ళీ దాని చోటు వెతుక్కోవడానికి పూటంతా పడుతుంది. ఒక స్వరం, ఒకటిన్నర స్వరం మేర దించితే చాలు. తీగకు, కర్రకు కొంచెం ఊపిరి ఆడాలి, అంతే. ఎప్పుడైనా విమానంలో లగేజీలో వేయాల్సి వస్తే ఇంకొంచెం దించి, గుర్రం కింద మెత్తటి గుడ్డ పెట్టి, గట్టి ఫైబర్ కేసులోనే పంపు. ఈసారి ఆ అవసరం లేదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు వెళ్ళే మూడు ఊళ్ళలో ఎండ ఒకటే అనిపిస్తుంది కానీ గాలి వేరు. వీణకు పట్టేది గాలే.

విశాఖలో సముద్రపు తేమ. పనస కర్ర ఉబ్బుతుంది, తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోయి తిరగనంటాయి. బలవంతంగా తిప్పావంటే తీగ తెగుతుంది. బిరడాను కొద్దిగా బయటికి లాగి, అటూ ఇటూ కదిలించి, అప్పుడు తిప్పు. కేసులో రెండు సిలికా జెల్ పొట్లాలు ఉంచు. అక్కడ చెమట ఆరదు, ఆ ఉప్పు చెమటకి సారణి, పంచమం తీగలు రెండు రోజుల్లో తుప్పు పడతాయి. సాధన అయినా కచేరీ అయినా ముగియగానే పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగనూ పై నుంచి కింది దాకా తుడిచాకే లేవాలి. చప్పట్లు కొడుతున్నా సరే, ముందు తీగలు తుడువు, తర్వాత నమస్కారాలు.

తిరుపతిలో పొడి వేడి. అక్కడ అన్నీ తిరగబడతాయి. కర్ర ఎండి కుంచించుకుంటుంది, బిరడాలు జారతాయి, శ్రుతి చేసిన రెండు నిమిషాలకే దిగిపోతుంది. బిరడాకు కాస్త సుద్దపొడి రాస్తే పట్టు వస్తుంది. విశాఖలో పెట్టిన సిలికా జెల్ పొట్లాలు అక్కడ తీసేయడం మరిచిపోకు, ఎండిన కర్రను అవి ఇంకా ఎండబెడతాయి. నీది అతుకుల వీణ కాబట్టి కుండా దండీ కలిసే చోట సన్నటి గీత ఏమైనా కనిపిస్తోందేమో రోజూ వేలితో తడిమి చూడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, నీ విజయవాడ కచేరీ అయ్యేసరికి ఆ కార్తె కూడా వచ్చేస్తుంది. ఏదైనా అతుకు విచ్చినట్టు అనిపిస్తే ఫెవికాల్ పూయకు, నాకు ఫోన్ చెయ్యి.

విజయవాడ పందిరికి ఇంకో బెడద ఉంది. కళాకారులకి ఉక్కగా ఉంటుందని ప్రేమకొద్దీ పెద్ద కూలర్ తెచ్చి వేదిక మీద మన ముఖానికే పెడతారు. ఆ తడిగాలి సూటిగా వీణ మీద పడుతుంది. కచేరీ మొదలయ్యాక ఎవరికీ చెప్పలేవు, ముందే వెళ్ళి దాన్ని ప్రేక్షకుల వైపు తిప్పించు. మనకి చెమట పట్టినా పరవాలేదు.

మృదంగం వాయించే అబ్బాయితో కూడా ముందే మాట్లాడుకో. వేడికి మన తీగలు సాగి శ్రుతి దిగుతుంది. అదే వేడికి మృదంగం తోలు బిగిసి శ్రుతి పైకి పోతుంది. ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చుని చెరో దిక్కుకి వెళ్తుంటారు. ఏసీ హాల్లో లైట్లు ఆర్పి వెలిగించిన ప్రతిసారీ మళ్ళీ మార్పు. కాబట్టి తనని రెండు మృదంగాలు తెచ్చుకోమను. మొదట వాయించే వర్ణం అయ్యాక ఇద్దరూ ఆగి శ్రుతి చూసుకునేలా ముందే అనుకోండి. జనం ముందు శ్రుతి చేసుకోవడం తప్పు కాదు. అపశ్రుతిలో రాగం ఆలాపించడమే తప్పు.

హాలుకి గంటన్నర ముందు చేరు. చేరగానే కేసు తెరవకు. బయటి ఎండలోంచి ఏసీలోకి వచ్చిన వీణను అరగంట కేసులోనే ఉండనీ. తర్వాత మూత తీసి ఇంకో పావుగంట అలా వదిలెయ్యి. అప్పుడు శ్రుతి చెయ్యి. తొందరపడి ముందే శ్రుతి చేస్తే నాలుగుసార్లు చెయ్యాల్సి వస్తుంది, తీగకూ అలసటే, నీకూ టెన్షనే.

సంచిలో ఏమేం ఉండాలో నీకు తెలుసు, అయినా రాస్తాను. నాలుగు వాయింపు తీగలకీ మూడు తాళపు తీగలకీ విడి విడి సెట్లు, ఒక్కోదాని మీద పేరు రాసిన కాగితం. సారణి మాత్రం మూడు. చిన్న కటింగ్ ప్లేయర్. కొబ్బరినూనె సీసా, దూది. నూలు గుడ్డలు రెండు. సుద్దముక్క. తీగ మీటడానికి వేళ్ళకు తొడిగే మీట్లు, సరిపోయినవి ఇంకో జత. కాంటాక్ట్ మైకు, దాని వైరు, కొత్త బ్యాటరీ. శ్రుతి బాక్సు మాత్రం బ్యాటరీతో నడిచేదే తెచ్చుకో. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, జనరేటర్ మీదికి మారినప్పుడు ప్లగ్గులో ఉన్న పెట్టె మూగబోతుంది. ఫోన్‌లో తంబురా యాప్ ఉంది కదా అంటావు. ఎండకి ఫోన్ వేడెక్కి కచేరీ మధ్యలో ఆగిపోవడం నేను చూశాను. ఇంట్లో సాధనకి యాప్ సరే, వేదిక మీద వద్దు.

ఇక సాధన. ఈ మూడు వారాలూ నువ్వు ఇంట్లోలా రోజుకి మూడు గంటలు కూర్చోలేవు. పోయిందని బాధపడకు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, గది చల్లగా ఉన్నప్పుడు గంటసేపు కూర్చో. సరళీ వరసలు, జంట వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. తర్వాత భైరవి అట తాళ వర్ణం రెండు కాలాల్లో. కొత్త కృతి ఏదీ ఈ రోజుల్లో ఎత్తుకోకు. కచేరీ ఉన్న రోజు అరగంట చాలు, మిగతా ఓపిక సాయంత్రానికి దాచుకో.

రైల్లో వీణ తీయలేవు కాబట్టి పాడుకో. నువ్వు వాయించే ప్రతి కృతి సాహిత్యం నీకు నోటికి రావాలని చిన్నప్పటి నుంచీ పోరుతున్నాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పాడితేనే తెలుస్తుంది. మాట విరిగే చోట మీటు పడితే సంగతి చెడుతుంది. తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలు వాయించబోతున్నావు, ఎదురుగా కూర్చునేవాళ్ళకి ఆ మాటలు కంఠతా వచ్చు. వాళ్ళు నీ వీణలో మాట కోసం వెతుకుతారు. అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరాల లెక్కలు కూడా కిటికీ పక్కన కూర్చుని వేళ్ళ మీద వేసుకోవచ్చు. ఎడమ చెయ్యి వేళ్ళను కుడి ముంజేతి మీద పెట్టి గమకాలు ఆడించు. పక్కవాళ్ళు చూస్తే చూడనీ.

వేళ్ళ విషయం జాగ్రత్త. చెమటకి వేలి కొసలు నాని మెత్తబడతాయి, ఆ మీద తీగ లాగితే గాటు లోతుగా దిగుతుంది. స్నానం అయిన వెంటనే వీణ ముట్టుకోకు, ముప్పావు గంట ఆగు. పౌడర్ రాసుకునే అలవాటు మానెయ్యి, అది నూనెలో కలిసి మెట్ల మీద పేరుకుంటుంది.

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండు. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగు. కచేరీకి ముందు పూరీలు, బజ్జీలు పెడితే వద్దని చెప్పు. పట్టుచీర మీ అమ్మ కట్టుకోమంటుంది, పందిట్లో మాత్రం మంచి మంగళగిరి నూలు చీర కట్టుకో, నేను చెప్పానని చెప్పు.

విశాఖ స్టేషన్‌కి నేను వస్తాను. తెల్లవారుజామున ఇక్కడి నుంచి బయలుదేరితే నీ బండి వచ్చేసరికి అందుకుంటాను. వీణను కూలీ చేతికి ఇవ్వకు, నువ్వే దించు. బ్యాగులు నేను పట్టుకుంటాను. కేసు మీద కప్పడానికి పాత చీరలతో ఒక బొంత కుట్టాను, నీలం రంగుది, కుండ దగ్గర రెండు పొరలు ఎక్కువ వేశాను. అది తెస్తున్నాను. కేసు కొలత నా దగ్గర ఉన్నది పాతదే, ఈలోపు ఒకసారి టేపు పెట్టి పొడవు, కుండ దగ్గర వెడల్పు కొలిచి పంపు.

మీ పెద్దమ్మ